రాత్రి నా ఒంటిమీదే ఉంది

1925లో బెర్లిన్ కోర్టు నాకు మరణశిక్ష వేసింది. నాకొక్కదానికే కాదు, నెగటివ్‌కూ నా తోబుట్టువులందరికీ. బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’ను ఆయన భార్య ఫ్లోరెన్స్ అనుమతి లేకుండా సినిమా తీశారన్నది కేసు. డ్రాక్యులా ప్రభువు పేరు ఓర్లాక్ అని మార్చినవాళ్లే, ఇది స్టోకర్ నవల ఆధారంగా తీసిందని మొదట్లోనే కార్డు వేసుకున్నారు. తీసిన ప్రానా కంపెనీ అప్పటికే దివాలా తీసింది. డబ్బు రాదని తేలాక ఆవిడ సినిమానే లేకుండా చేయమని పట్టుబట్టింది. అప్పటికే కొన్ని ప్రింట్లు సరిహద్దులు దాటేశాయి. దాటినవాటిలో నేనొకదాన్ని.

నేను ‘నోస్‌ఫెరాటు’ ప్రింటుని. పుట్టింది 1922లో. మాటలు చూపే ఫ్రెంచి కార్డులతో, రంగులద్దుకుని ఉంటాను.

రంగులంటే ఇప్పటి కలర్ సినిమా అనుకోకండి. ఆ కాలపు ఫిల్ముకి చీకట్లో చూపు లేదు. ఊరి వీధులూ కోట గోడలూ కొండలూ ఎండలో తీయాల్సిందే. మరి రాత్రి ఎక్కణ్ణుంచి వస్తుంది? ల్యాబులో వచ్చేది. రాత్రి దృశ్యాలున్న ముక్కలను నీలం రంగు తొట్టిలో ముంచేవారు. దీపం వెలుగున్న గదుల ముక్కలు పసుపులో, తెల్లవారుజాము ముక్కలు గులాబీలో మునిగేవి. ఆరాక వరుస చూసుకుని ఒక్కొక్కటే అతికేవారు. అందుకే నా ఒంటినిండా అతుకులే. ప్రతి అతుకు దగ్గరా ఒక పొద్దు మారుతుంది.

ఇది తెలియక నన్ను చాలామంది తప్పుగా చూశారు. దశాబ్దాలపాటు లోకం చూసిన కాపీల్లో రంగు లేదు. ఒక కాపీనుంచి ఇంకో కాపీ తీస్తూ పోతే నలుపూ తెలుపే మిగిలాయి. వాటిలో ఓర్లాక్ తన శవపేటికను చంకన పెట్టుకుని పట్టపగలు వీధిలో నడిచిపోతాడు. అదే మనిషి చివర్లో సూర్యకిరణం తగిలి పొగై పోతాడు! చూసేవాళ్లకి అది పొరపాటుగానే కనబడుతుంది. నాలో ఆ వీధి నీలంగా ఉంటుంది. అది రాత్రి.

ఆ సూర్యకిరణం సంగతి చెప్పాలి. స్టోకర్ నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు, చచ్చేది కత్తులకి. ఎండ తగిలితే రక్తపిశాచి చస్తుందన్నది మా సినిమా కల్పించిన మాట. తర్వాత వచ్చిన సినిమాలెన్నో దాన్ని పాత నమ్మకంలా వాడుకున్నాయి. అంటే మా కథంతా రాత్రికీ తెల్లవారడానికీ మధ్య నడిచే కథ. అలాంటిదానిలోంచి రంగు తీసేస్తే భయానికి ఆధారమే పోతుంది.

దర్శకుడు ముర్నావ్, కెమెరా ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్. స్టూడియో అట్టముక్కల మధ్యే ఉండిపోకుండా విస్మార్, ల్యూబెక్ వీధుల్లోకీ, స్లొవేకియాలోని ఓరావా కోట దగ్గరికీ వెళ్లి తీశారు. నిజమైన చెట్లమీద, నిజమైన గోడలమీద పిశాచి నీడ పడితే ఆ గోడల్నిక నమ్మలేం. అడవిలో బండి వెళ్లే చోట ఏకంగా నెగటివ్ బొమ్మనే వాడారు: చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా. ఓర్లాక్ వేషం వేసిన మాక్స్ ష్రెక్ తెరమీద కనబడేది చాలా కొద్ది నిమిషాలు. మిగతా సినిమా అంతా అతను వస్తాడేమోనన్న ఎదురుచూపే. మెట్లెక్కేది అతను కాదు, అతని నీడ. గోళ్లు పొడుగైన చేతినీడ కథానాయిక గుండెమీద గుప్పిట బిగిస్తే, నా ముందు కూర్చున్నవాళ్లు తమ గుండె పట్టుకోవడం నాకు గర్వంగా ఉంటుంది.

నా దేహం మాత్రం ప్రమాదకరమైనది. పత్తిని ఆమ్లాలతో మార్చి చేసిన నైట్రేట్ పట్టీ మీద, పశువుల ఎముకలనుంచి తీసిన జెలటిన్‌లో వెండి రేణువులు. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరను, మండడానికి కావలసిన ఆక్సిజన్ నాలోనే ఉంది. అంటుకోకపోయినా జిగటగా కరిగి, చివరికి పొడిగా రాలిపోవడం మా జాతి రాత. నన్ను కాచినవాళ్లు ఫ్రాన్సులో పాత సినిమాలను దాచే సంస్థ సినిమాటెక్ ఫ్రాంసేజ్‌ వాళ్లు. 1936లో దాన్ని స్థాపించినవాళ్లలో ఆన్రీ లాంగ్లవా ఉన్నాడు, జార్జ్ ఫ్రాంజు ఉన్నాడు.

ఫ్రాంజు తర్వాత దర్శకుడై 1960లో ‘ముఖం లేని కళ్లు’ తీశాడు. కూతురి కోసం ఇంకో అమ్మాయి ముఖచర్మాన్ని ఒలిచే వైద్యుడి కథ. ఆ శస్త్రచికిత్స దగ్గర కెమెరా చూపు తిప్పుకోదు, సంగీతం ఉండదు. ఎడిన్‌బరోలో చూసినవాళ్లు కొందరు మూర్ఛపోయారు. 2008లో ఇంకో ఫ్రెంచి దర్శకుడు పాస్కల్ లోజియే ‘మార్టిర్స్’ తీసి ఆ కత్తిని ఇంకా లోతుకి తీసుకెళ్లాడు. నీడతో బతికిన నాకు ఆ రక్తం నచ్చదేమోనని అనుకుంటారు. కాదు. ఆ రెండు సినిమాలూ నొప్పిని అరుపులతో దాటించకుండా దానిముందు మనల్ని కూర్చోబెడతాయి. అవి నావాళ్లే. చప్పుడు చేసి ఉలిక్కిపడేట్టు చేసే సినిమాలనే నావాళ్లని ఒప్పుకోలేను. ఉలికిపాటు క్షణంలో తీరుతుంది. భయం ఇంటిదాకా వెంట రావాలి.

2006లో నా దగ్గరున్న రంగులే ఆధారంగా ముర్నావ్ ఫౌండేషన్ పునరుద్ధరణ పూర్తి చేసింది. లూసియానో బెరియాతువా ఆధ్వర్యంలో, బొలోన్యా ల్యాబులో. నాలో లేని షాట్లు వేరే కాపీనుంచి తెచ్చారు, జర్మన్ కార్డులు తిరిగి చేర్చారు. నా నీలం కొత్త ఒంట్లోకి వెళ్లింది. 2024లో ఇదే కథను మళ్లీ తీసిన రాబర్ట్ ఎగ్గర్స్ 35 ఎం.ఎం. ఫిల్మునే ఎంచుకున్నాడు, ఆయన రాత్రులు కూడా నీలంగా, రంగులు ఇంకిపోయినట్టుగా ఉంటాయి.

ఇప్పుడు మా సినిమా చేతిలోని ఫోనులో కూడా దొరుకుతోంది. రంగు లేని పాత కాపీలూ దాని పక్కనే ఉన్నాయి. చూడబోయే ముందు కాస్త వెతికి, వీధి నీలంగా ఉన్నదాన్నే పెట్టుకోండి.