పీట చూడు మున్ముందుగా: ఒక తేటగీతికి సుఖాసనీ వ్యాఖ్య

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథ సూరి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. అంటే రాజమార్గం. ఆ మార్గం మీద గంట కొట్టుకుంటూ పోయే వాహనం గురించి మాత్రం ఆయన ఒక్క ముక్క రాయలేదు. ఆ లోటు తీర్చడానికి ఈ వ్యాఖ్యాత పూనుకున్నాడు. వ్యాఖ్యకు మూలం ఉండాలి గనుక పద్యం కూడా తానే చెప్పుకున్నాడు. తన పద్యానికి తానే టీక రాసుకోవడం మర్యాద కాదని తెలుసు. ఇంకొకరు రాస్తారని ఎదురుచూస్తే బ్యాటరీ వారంటీ దాటిపోతుంది.

శాస్త్రగ్రంథం అన్నాక అనుబంధాలు నాలుగూ ముందే చెప్పాలి. విషయం: ఎలక్ట్రిక్ సైకిల్. ప్రయోజనం: షికారు. సంబంధం: మనిషికీ సీటుకూ మధ్య ఉండేది. ఇక అధికారి, అంటే ఇది చదవడానికి అర్హుడు, ఎవరు? ఆఫీసుకు టైముకు చేరవలసినవాడు కాదు. కొండలెక్కి పతకం తేవలసినవాడూ కాదు. పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులోనో, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ దారిలోనో గాలి పీల్చుకుంటూ పోయి, మధ్యలో ఒక టీ తాగి, మోకాళ్ళ చేత తిట్టించుకోకుండా ఇల్లు చేరాలనుకునే గృహస్థులూ గృహిణులూ ఇందుకు అధికారులు.

మూలం

తే.గీ.
పీట చూడు మున్ముందుగా, పిరుదు మెచ్చ;
కాలు నేలకు దిగునట్లు కడ్డి వంగ,
తొక్కినంతకు నంతయే తోయు మరను
కొనుము, బ్యాటరి గంటల గుణిత మెఱిగి.

ప్రతిపదార్థం

మున్ముందుగా = రేటుకన్నను, రంగుకన్నను, మోటారుకన్నను ముందు; పిరుదు మెచ్చ = కూర్చున్న భాగము సంతోషించునట్లు; పీట = సీటును; చూడు = కూర్చుండి చూడుము (కంటితో కాదని భావము); కాలు = పాదము; నేలకు దిగునట్లు = ఆగినప్పుడు భూమికి ఆనునట్లు; కడ్డి = సీటుకును హ్యాండిలుకును నడుమ నుండు అడ్డకడ్డీ; వంగ = కిందికి వంగియుండగా; తొక్కినంతకున్ = ఎంత తొక్కిన అంతకు; అంతయే = అంత మాత్రమే; తోయు = ముందుకు నెట్టునట్టి; మరను = మోటారు సైకిలు కాని మోటారు గల సైకిలును; బ్యాటరి = బ్యాటరీయొక్క; గంటల = ఆంపియర్ గంటలయొక్క; గుణితము = హెచ్చవేతను; ఎఱిగి = తెలిసికొని (తెలియనిచో కాగితముపై వేసికొని); కొనుము = డబ్బు కట్టుము.

తాత్పర్యం

షికారుకు సైకిల్ కొనేవాడు ముందు సీటు, తరవాత ఫ్రేము, తరవాత మోటారు తోసే తీరు, చివరికి బ్యాటరీ చూడాలి. షాపులో చెప్పే వరస దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది.

మొదటి పాదం విశేషాలు

షికారు సైకిల్ హ్యాండిల్ సీటుకన్నా ఎత్తులో, కొసలు మన వైపు తిరిగి ఉంటుంది. అందువల్ల వీపు నిటారుగా నిలుస్తుంది, మణికట్లకూ మెడకూ బరువు తప్పుతుంది. తప్పిన బరువు ఎక్కడికీ పోదు, పీట మీదికే వస్తుంది. కవి పీటతో ఎందుకు మొదలుపెట్టాడో ఇందువల్ల స్పష్టం. రేసు తొక్కేవాడు ముందుకు వాలతాడు గనుక సన్నని సీటుతో సరిపెట్టుకుంటాడు. నిటారుగా కూర్చునేవాడికి వెడల్పు కావాలి.

ఎంత వెడల్పు? మనం కూర్చునేది నిజానికి పిరుదుల అడుగున ఉన్న రెండు ఎముకల మీద. వాటి మధ్య దూరం మనిషిని బట్టి సుమారు 10 నుంచి 15 సెంటీమీటర్లు. గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్క పరిచి, దాని మీద కూర్చుని పాదాలు కాస్త పైకెత్తి లేస్తే రెండు గుంటలు పడతాయి. ఆ రెంటి మధ్య స్కేలు పెట్టి కొలవాలి. సీటు అంతకన్నా రెండు మూడు సెంటీమీటర్లయినా వెడల్పుండాలి. ఇంట్లో వాళ్ళు చూసి నవ్వితే నవ్వనివ్వండి. శాస్త్రపరీక్షలు ఏకాంతంలో చేయడమే సంప్రదాయం.

ఇక్కడ శంక. ‘మెచ్చ’ అన్నాడు గాని ‘మెత్తగ’ అనలేదేం? కవి ఆలోచించే అన్నాడు. బొటనవేలు దిగబడేంత మెత్తని సీటు షాపులో రెండు నిమిషాలు సుఖపెడుతుంది. అరగంట తొక్కాక ఎముకలు స్పాంజిలోకి దిగి, ఒత్తిడంతా నడిమి మెత్తని భాగం మీద పడి తిమ్మిరెక్కుతుంది. ఎముకలను మోసేంత గట్టిదనం, గతుకును మింగేంత మెత్తదనం రెండూ ఉన్నదే మెచ్చదగిన పీట.

పీట ఇక్కడ ఉపలక్షణం. అంటే ఒకటి చెప్పి అదే పని చేసే మిగతావాటినీ సూచించడం. గతుకును మొదట ఎదుర్కొనేది టైరు. రెండు అంగుళాలు, ఆపైన వెడల్పున్న టైరులో దాని పక్కగోడ మీద అచ్చువేసిన హద్దుల్లోనే గాలి కాస్త తక్కువ పెట్టుకుంటే స్పీడ్ బ్రేకర్ నడుము దాకా రాదు. చవక రకం ముందు షాకులు బరువు పెంచినంతగా సుఖం పెంచవు. షాకులు వద్దనుకుని మిగిల్చిన డబ్బుతో స్ప్రింగున్న సీటు కాడ కొనుక్కోవచ్చు.

రెండో పాదం విశేషాలు

ఈ పాదంలో పైకి ఒక విరోధం కనిపిస్తుంది. సీటు ఎత్తుకు లెక్క ఉంది: కూర్చుని, కింది పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. సీటు అంతకన్నా దించితే మోకాలు ప్రతి తొక్కుకూ ముడుచుకుని నొప్పెడుతుంది. కాని ఆ ఎత్తున కూర్చుంటే నేల మునివేళ్ళకే అందుతుంది. మరి పాదం దిగాలంటున్నాడే కవి? మోకాలి మాట వినాలా, పాదం మాట వినాలా?

పరిహారం ‘కడ్డి వంగ’ అనడంలోనే ఉంది. అడ్డకడ్డీ కిందికి ఉంటే ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు జారి రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిలబడవచ్చు. దిగడానికి కాలు వెనక్కి తిప్పి క్యారియర్ మీదుగా విసరనక్కర్లేదు. పంచె అయినా చీర అయినా అడ్డు తగలదు. రెండో పరిహారం కాలిఫోర్నియాలో పుట్టిన ఎలక్ట్రా కంపెనీ తన టౌనీ సైకిల్‌లో చూపించింది. పెడళ్ళను సీటుకు కాస్త ముందుకు జరిపితే, కాలు బాగా చాచి తొక్కుతూనే ఆగినప్పుడు పాదం మొత్తం నేలకు ఆనించవచ్చు.

వంగిన కడ్డీ సైకిల్‌ను నెదర్లాండ్స్‌లో అమ్మమ్మ సైకిల్ అంటారు. తాతలూ మనవళ్ళూ కూడా తొక్కుతారు. మన దగ్గర లేడీస్ సైకిల్ అని పేరుపెట్టి మోకాళ్ళ నొప్పులున్న మగవాళ్ళందరినీ దానికి దూరం చేశాం. కడ్డీకి లింగభేదం లేదని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం.

మూడో పాదం విశేషాలు

పద్యానికి ప్రాణం ఈ పాదం. మోటారు ఎప్పుడు, ఎంత తోయాలో చెప్పే సెన్సార్లు రెండు రకాలు. ఒకటి పెడల్ తిరుగుతోందా లేదా అనేదే చూస్తుంది. తిరిగితే చాలు, మెల్లగా తిప్పినా బలంగా తొక్కినా ఒకే తోపు తోస్తుంది. అదీ ఒక క్షణం ఆలస్యంగా. మలుపులో నెమ్మదిగా పోదామనుకున్నప్పుడు వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఎగిరిపడుతుంది. ఇది కేడెన్స్ సెన్సార్. రెండోది టార్క్ సెన్సార్. కాలు ఎంత బలం పెట్టిందో కొలిచి, దానికి తగినంతే మోటారు చేత తోయిస్తుంది. కవి ‘అంతయే’ అనడం దీన్ని ఉద్దేశించే.

ఈ ‘అంతయే’ కవి సొంతం అనుకుంటారేమో, దీనికి ప్రమాణం జపాన్‌లో ఉంది. 1993లో యమహా అక్కడ పాస్ పేరుతో తొక్కుడుకు సాయపడే సైకిల్ తెచ్చింది. అక్కడి నిబంధన ప్రకారం మనిషి బలం ఒక పాలైతే మోటారు బలమూ ఒక పాలే ఉండాలి. 2008లో దాన్ని సడలించి, తక్కువ వేగంలో రెండు పాళ్ళ దాకా ఒప్పుకున్నారు. నేటి ఖరీదైన మోటార్లు మూడింతలకు పైగా తోయగలవు. షికారుకు అంత అక్కర్లేదు.

మోటారు ఎక్కడుండాలన్నది ఇంకో చర్చ. చక్రం ఇరుసులో పెట్టడం నిన్నటి ఆలోచన కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895 డిసెంబరు 31నే వెనక చక్రం నడుమ మోటారున్న సైకిల్‌కు పేటెంట్ పొందాడు. పెడళ్ళ దగ్గర ఉండే నడిమి మోటారు గేర్లను వాడుకుని ఎత్తు బాగా ఎక్కుతుంది, ధరలోనూ బాగా ఎక్కుతుంది. రోజూ బంజారా హిల్స్ ఎగుడుదిగుళ్ళు తొక్కేవారికి అది. గోదావరి గట్టు మీద, బీచ్ రోడ్డు మీద తిరిగేవారికి ఇరుసు మోటారు చాలు. దాని వెనక చక్రం విప్పడం కొంచెం తలనొప్పి. అయితే మన పంక్చరు షాపు వాళ్ళు చక్రం విప్పకుండానే ట్యూబు ఒక పక్కకు లాగి అతుకు వేసేస్తారు.

అనుక్తం, అంటే పద్యం చెప్పకుండా వదిలింది, బ్రేకు. ఇలాంటి సైకిల్ 20 నుంచి 25 కిలోలు తూగుతుంది. డిస్క్ బ్రేకులు, బ్రేకు నొక్కగానే మోటారును ఆపే స్విచ్చు తప్పనిసరి. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండేవారు ఈ బరువు సంగతి ఇంకోసారి చదువుకోవాలి.

నాలుగో పాదం విశేషాలు

గుణితం అంటే వోల్టులను ఆంపియర్ గంటలతో హెచ్చవేయడం. వచ్చేది వాట్ గంటలు, బ్యాటరీలో నిజంగా ఉండే సరుకు అదే. మూడు బ్యాటరీల మీదా 10 ఆంపియర్ గంటలనే రాసి ఉండవచ్చు. 24 వోల్టులదైతే 240 వాట్ గంటలు, 36 వోల్టులదైతే 360, 48 వోల్టులదైతే 480. ఆంపియర్ గంటలు మాత్రమే చెప్పేవాడు చీర పొడవు చెప్పి పన్నా దాచినవాడు.

చదును దారిలో తొక్కుతూ మోస్తరు సాయం తీసుకుంటే కిలోమీటరుకు సుమారు 8 నుంచి 10 వాట్ గంటలు ఖర్చు. ఎత్తులూ ఎదురుగాలీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. ఈ లెక్కన పైన చెప్పిన 23 కిలోమీటర్లకు 230 సరిపోతాయి. 360 ఉంటే టీ కొట్టు కోసం దారి తప్పినా పరవాలేదు. కరెంటు ఖర్చు అడగనే అక్కర్లేదు. యూనిట్ అంటే 1,000 వాట్ గంటలు. చార్జర్ నష్టం కలిపినా ఆ 360ని ఒకసారి నింపడానికి అర యూనిట్ పట్టదు.

లిథియం బ్యాటరీకి శత్రువు వేడి. 45 డిగ్రీలు దాటిన వేడిలో దాన్ని చార్జి చేయకూడదు. రోహిణి కార్తెలో ఎండన తిరిగొచ్చి వెంటనే ప్లగ్గు పెట్టడం బ్యాటరీ ఆయుష్షు తగ్గించడమే. నీడన చల్లారనిచ్చి, ఎదురుగా మనుషులున్నప్పుడు పెట్టాలి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో చల్లని చోట ఉంచాలి.

పాఠాంతరాలు

మొదటి పాదాన్ని కొందరు ‘రేటు చూడు మున్ముందుగా’ అని చదువుతారు. అప్పుడు రే అనే అక్షరానికి పి తో యతి కుదరదు. ఆ పాఠం ప్రక్షిప్తం, ఇంట్లో పెద్దలు చొప్పించినది.

మూడో పాదానికి ‘తొక్కకున్నను తానుగా తోయు మరను’ అని మరో పాఠం ఉంది. ఇది థ్రాటిల్ వర్గం వారిది. ఛందస్సుకు అభ్యంతరం లేదు. మన నిబంధనలకూ పెద్దగా లేదు. మోటారు అరగంట సామర్థ్యం 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు మొదలైన షరతులు తీరాయని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. “ఒక్క వైరు తీసేస్తే నలభై పోద్ది సార్” అని షాపు కుర్రాడు చెవిలో చెబితే మాత్రం అది మూడో పాఠాంతరం. అది చట్టానికి విరుద్ధం, బ్రేకులకు మరీ విరుద్ధం.

పూర్వపక్షం, సిద్ధాంతం

‘ఇంత డబ్బు పోసి ఇంకా తొక్కడమేమిటి, స్కూటరు కొనుక్కోరాదా?’ అని పూర్వపక్షం. స్కూటరు గమ్యానికి చేరుస్తుంది. ఈ గ్రంథానికి ప్రయోజనం షికారని మొదటే చెప్పుకున్నాం. ‘మోటారు తోస్తే ఇక వ్యాయామమేదీ?’ అని మరొకటి. ఎత్తు చూసి వెనక్కి తిరిగేవాడు ఎత్తెక్కి అవతలిదాకా పోతాడు. తిరిగిన పెడళ్ళన్నీ తన కాళ్ళు తిప్పినవే.

ఛందోలంకారాలు

తేటగీతి. పీ–పి, కా–క, తొ–తో, కొ–గు యతులు. ‘కొనుము బ్యాటరి’ అన్నచోట సంయుక్తాక్షరం ముందున్న ‘ము’ గురువు కావాలి కదా అంటే, అవి వేరు వేరు పదాలు గనుక తేలికగానే ఉంటుంది. తేలిక కానిది బ్యాటరీ ఒక్కటే, రెండు మూడు కిలోలు. అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తికి ఉదాహరణ కావలసినవారు ప్రకటనలో రాసిన రేంజ్ చూడవచ్చు. పద్యంలో ధ్వని లేదని విమర్శకులు అనవచ్చు. నిజమే, బెల్లు విడిగా కొనుక్కోవాలి.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారికి మోక్షం వస్తుందని హామీ ఇవ్వలేం. షాపులో ఏం అడగాలో మాత్రం తెలుస్తుంది. సెన్సార్ ఏ రకం, వాట్ గంటలెన్ని, ధ్రువపత్రం ఏది, మూడేళ్ళ తరవాత కొత్త బ్యాటరీ దొరుకుతుందా, ఎంతకు? ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేని షాపు వదిలేయండి. జవాబు చెప్పిన షాపులో, సీటు ఎత్తు మీ కాలికి సరిచేయించుకుని, అరగంట రోడ్డు మీద తొక్కనిస్తేనే డబ్బు కట్టండి.