ఫోర్కు కొనండి, సైకిల్ దానంతటదే వస్తుంది

పదిహేనేళ్ళ కిందట ముచ్చటపడి కొన్న గేర్ సైకిల్ మీ బాల్కనీలో ఉంటుంది. దాని హ్యాండిల్ మీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి. ఒక ఆదివారం పొద్దున ఉత్సాహం పుట్టి, దుమ్ము దులిపి, మారేడుపల్లి నుంచి తిరుమలగిరి దాకా వెళ్ళొస్తారు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ముందువైపు టకటకమని చప్పుడు. ఆ చప్పుడు విన్నాక మీరు చేయవలసింది ఒక్కటే. ఫోర్కు పోయిందని తీర్మానించేయండి.

గిట్టనివాళ్ళు ఇక్కడే అడ్డుపడతారు. ముందు బ్రేకు గట్టిగా పట్టి, రెండో చేతి వేళ్ళు హ్యాండిల్ కింది కప్పు మీద ఆనించి, సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపి చూడమంటారు. కదలిక ఆ వేళ్ళకు తగిలితే సైకిల్ మెడలోని బేరింగులు, అంటే హెడ్‌సెట్, వదులైనట్టట. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ పక్క బోల్టులు వదులుచేసి, పైనున్న మూత బోల్టు కాస్త తిప్పి, మళ్ళీ పక్కవి బిగిస్తే పోతుందట. మెరిసే సన్న గొట్టాలు లావు కాళ్ళలోకి దిగేచోట కదిలితేనే ఫోర్కు లోపలి బుషింగులు అరిగినట్టట. ఈ పరీక్ష పొరపాటున కూడా చేయకండి. ఒక చిన్న పానాతో ఐదు నిమిషాల్లో సైకిల్ బాగైపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత కొనడానికేం మిగులుతుంది?

నేను చేయలేదు. అందుకే ఈ విషయంలో నలుగురికీ చెప్పేంత అనుభవం వచ్చింది.

ఇక ఎంపిక. ఫోర్కు పక్కన బోలెడు అంకెలుంటాయి. చక్రం సైజు, ఎంత కిందికి దిగుతుంది, ఇరుసు లావెంత, హబ్ వెడల్పెంత. వీటిని చూసి కంగారు పడొద్దు. పదో తరగతి మార్కులకు మన ఇళ్ళలో ఏ సూత్రమో ఇక్కడా అదే: పెద్ద అంకె మంచిది. మీ చక్రం 26 అంగుళాలదా? 29ది తీసుకోండి. పాత ఫోర్కు 80 మిల్లీమీటర్లు దిగేదా? 140 తీసుకోండి. మీది 9 మిల్లీమీటర్ల ఇరుసైతే 15 ఉన్నది, హబ్ వెడల్పు 100 అయితే 110 ఉన్నది. రెండోదాన్ని బూస్ట్ అంటారు. పేరులోనే బలం ఉంది చూడండి.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు సంక్రాంతికి వస్తుంటే సరిగ్గా ఇలాంటిదే చెప్పి తెప్పించాను. "మామయ్యా, నీ ఫ్రేమ్ కొలతలు ఓసారి పంపవా?" అని వాడు అడిగాడు. చదువుకున్న పిల్లలకు ఇదొక జబ్బు. ఇరవై మూడు కిలోల పెట్టెలో చాక్లెట్లూ విటమిన్ మాత్రలూ సగం తగ్గించి ఫోర్కు తెచ్చాడు. నల్లగా, నున్నగా, పెళ్ళికొడుకు బూట్లలా మెరిసిపోతోంది. వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ విటమిన్ల సంగతి ఎత్తుతూనే ఉంటుంది.

దాన్ని చంకలో పెట్టుకుని మోండా మార్కెట్ దగ్గర నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫోర్కుని పసిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తి చూశాడు. పైకి పొడుచుకొచ్చిన గొట్టం మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి జార్చాడు. సగం దాటాక వేలు ఆగింది.

"గిది ఎక్కది సార్. మీ సైకిల్ మెడ సీదా ఉంది. దీని గొట్టమేమో పైన సన్నం, కింద లావు."

"ఎక్కదంటే ఎక్కించాలి," అన్నాను.

ఆయన పక్కనున్న సుత్తి తీసి వెనక్కి జరిపాడు. టీ చెప్పాడు. అప్పుడు విప్పి చెప్పాడు. పాత సైకిళ్ళ గొట్టం పైనుంచి కిందిదాకా ఒకటే లావు, 28.6 మిల్లీమీటర్లు. మనవాళ్ళు అంగుళంపావు కన్నా కొంచెం తక్కువని చెప్పుకునేది అదే. ఇప్పటివాటికి పైన అంతే ఉన్నా కింద అంగుళమున్నరకు లావెక్కుతుంది. ఫ్రేమ్ మెడ లోపలి వెడల్పు 44 మిల్లీమీటర్లుంటే కింద బయటి కప్పొకటి వేసి సర్దొచ్చు. నాది 34. ఇంకా పాతవైతే గొట్టం మీద మరలే ఉంటాయి, వాటి దారి వేరు. ఇదంతా టేపుతో ఇంట్లోనే చూసుకోవచ్చని ఆయన అన్నాడు. చూసుకుంటే టీ ఎవరు తాగిస్తారు?

బ్రేకు సంగతి కూడా అక్కడే బయటపడింది. నా సైకిల్‌కి రిమ్‌ని రెండువైపులా పట్టే వీ-బ్రేకులు. అవి బిగించడానికి ఫోర్కు కాళ్ళ మీద రెండు చిన్న కొమ్ములుండాలి. కొత్తదానికి లేవు, డిస్క్ బ్రేకుకు మాత్రమే చోటుంది. డిస్క్ పెడదామంటే నా పాత హబ్‌కి ఆ రేకు బిగించే రంధ్రాలు లేవు. ముందు బ్రేకు లేకుండా తిరగమని మాత్రం నేను కూడా చెప్పను. సైకిల్‌ని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. కాబట్టి కొత్త హబ్ కొనండి. హబ్ కొంటే దానికి ఊచలల్లిన కొత్త చక్రం. బూస్ట్ హబ్‌తో 26 అంగుళాల చక్రం సులువుగా దొరకదు కనుక 29. ముందు 29, వెనక 26 ఉంటే ఎద్దుల బండికి ఒంటె మెడ పెట్టినట్టుంటుంది కనుక వెనకా 29. అది మీ ఫ్రేమ్‌లో పట్టదు కనుక కొత్త ఫ్రేమ్. కౌపీన సంరక్షణార్థం అని మన పెద్దలు చెప్పిన సంసారం ఇదే. వాళ్ళ కథలో ఎలుక, పిల్లి, ఆవు వరసగా వచ్చాయి. ఇక్కడ కొరియర్ అబ్బాయి వస్తాడు.

ఎత్తు గురించి వేరే చెప్పాలి. మెకానిక్ నా పాత ఫోర్కునీ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టి, ఇరుసు దగ్గర్నుంచి గొట్టం మొదలు దాకా దారంతో కొలిచి చూపించాడు. కొత్తది బెత్తెడు పొడుగుంది. ముందు భాగం రెండు సెంటీమీటర్లు లేస్తే మెడ దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుందట. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోయి, హ్యాండిల్ అటూ ఇటూ తప్పతాగినట్టు పోతుందట. పైగా పొడుగు ఫోర్కు గడ్డపారలా పనిచేసి మెడ దగ్గరి అతుకుని ప్రతి గుంతకీ పెకలిస్తుందట. 80కి చేసిన ఫ్రేమ్‌కి 80, మహా అయితే 100 అన్నాడు. నేను వినలేదు. ఎత్తు మీద కూర్చుంటే మౌలాలి గుట్ట ఎక్కకుండానే కనిపిస్తుంది కదా!

గాలి ఫోర్కు కొన్నవాళ్ళు దానికో చిన్న చేతిపంపు కూడా కొంటారు. దండగ. దాని వాల్వు కారు ట్యూబు వాల్వు లాంటిదే. తిన్నగా పెట్రోల్ బంకుకి పోనివ్వండి. లోపలి గది చిన్నది కాబట్టి బంకు గొట్టం పెట్టి తీసేలోగా ఎంత ఎక్కిందో, ఎంత పోయిందో దేవుడికే తెలియాలి. ఆ ఉత్కంఠలోనే మజా. సైకిల్ మీద ఊరికే కూర్చుంటే ఫోర్కు తన మొత్తం దిగుడులో అయిదో వంతు నుంచి మూడో వంతు లోపు కుంగాలని, మెరిసే గొట్టానికి రబ్బరు బ్యాండు కట్టి అది ఎంత జరిగిందో చూడాలని అంటారు. మీ బరువు బయటపెట్టే పని ఏదైనా వాయిదా వేయడం మంచిది. గొట్టాలకు రాసే నూనె అంటారా, ఇంట్లో పప్పునూనె ఉంటుంది. రబ్బరు సీళ్ళు ఉబ్బి, దుమ్ము ముద్దకట్టి, గొట్టం మీద గీతలు పడ్డాక మరో ఫోర్కు కొనుక్కునే అవకాశం దొరుకుతుంది.

లేచేముందు మెకానిక్ ఇంకో మాటన్నాడు. "మీరు తొక్కేది రోడ్డు మీదనే కద సార్. అదే ఎత్తుల ఉత్త ఫోర్కు వెయ్యనా? స్ప్రింగు లేదు, గాలి లేదు, ఖరాబయ్యేదే లేదు." చవక స్ప్రింగు ఫోర్కులు రెండు కిలోలు దాటి తూగుతాయి, నూలుపోగంత ఊగుతాయి, వాటికన్నా ఇదే నయమని ఆయన అభిప్రాయం. 1976లో కాలిఫోర్నియాలో టామల్పయస్ కొండ దగ్గర కుర్రాళ్ళు పోటీలు పెట్టుకుని రాళ్ళ దారిలో దూకింది ఉత్త ఫోర్కుల మీదే. 1989లో రాక్‌షాక్స్ కంపెనీ తెచ్చిన మొదటి ఫోర్కు దిగేది రెండంగుళాల లోపే. అవన్నీ నాకూ తెలుసు. కానీ వాళ్ళకి మన స్పీడ్ బ్రేకర్లు లేవు. పైగా 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద నలుగురూ చూస్తారు. పైన కప్పు, కింద నున్నటి దారి. అక్కడ 140 మిల్లీమీటర్లు ఊగకపోతే ఎలా?

ఫోర్కు ప్రస్తుతం హాల్లో టీవీ పక్కన నిలబడి ఉంది. సైకిల్ బాల్కనీలోనే, మెడ ఖాళీగా. తువ్వాళ్ళు వెనక సీటు మీదికి మారాయి. మేనల్లుడు మళ్ళీ దసరాకి వస్తున్నాడు, ఫ్రేమ్ వాడే తెస్తానన్నాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "నీకు ఏ సైజు కావాలి మామయ్యా? నీ ఎత్తెంత?" అని అడిగాడు.

అన్నిటికన్నా పెద్దది తెమ్మన్నాను.