‘కూర్చోవడమే’: సటీకా తాత్పర్యము

మూలము: “అమ్మా, డైరెక్టు ఫ్లైటే. మధ్యాహ్నం 12.50కి ఎక్కితే సాయంత్రం 6.05కి దిగుతావు. కూర్చోవడమే.”

(2021 సంక్రాంతి ముందు షికాగోలోని కొడుకు నల్లకుంటలోని తల్లికి వాట్సాపులో పంపినది.)

ప్రతిపదార్థము: అమ్మా = ఓ జననీ; డైరెక్టు = దుబాయిలోనో ఫ్రాంక్‌ఫర్టులోనో దిగి, చేతిసంచీతో గేటు నంబరు వెదకుకొను పాట్లు లేనట్టి; ఫ్లైటే = విమానమే (ఏకారము అవధారణార్థకము; ఇక వంకలు పెట్టవద్దని ధ్వని); ఎక్కితే = శంషాబాదులో ఎక్కినచో (శంకరమఠము దగ్గర కారెక్కి ముప్ఫై కిలోమీటర్లు పోవుట, అందుకై ఉదయము ఎనిమిదికే గడప దాటుట ఇచట శేషము); కూర్చోవడమే = ఆసీనురాలవగుట మాత్రమే.

తాత్పర్యము: రమ్మని.

వ్యాఖ్య: 12.50 నుండి 6.05 వరకు ఐదుంబావు గంటలే కదా, బస్సులో బెజవాడ పోయినంతసేపు, అని తల్లి సంతోషించెను. చిక్కడపల్లి లైబ్రరీలో రోజూ పేపరు తిరగవేయు విశ్రాంత ఉద్యోగులు సైతము ఈ పూర్వపక్షమును బలపరచిరి. సిద్ధాంతము వేఱు. చలికాలమున షికాగో గడియారము మన గడియారముకన్న పదకొండున్నర గంటలు వెనుక. కలిపినచో పదహారు గంటల నలువదియైదు నిమిషములు. ఆ పదకొండున్నర గంటలను మూలకారుడు అధ్యాహారమునకు విడిచిపెట్టినాడు. పుత్రుడు గనుక క్షంతవ్యుడు.

దూరము సుమారు 13,280 కిలోమీటర్లు. ఆమడకు ఎనిమిది మైళ్ళ లెక్కన వెయ్యిన్ని ముప్ఫై ఆమడలు. మనము 78 డిగ్రీల తూర్పున, వారు 88 డిగ్రీల పడమట, అనగా ఇంచుమించు భూగోళమునకు ఆవలి ప్రక్క. గ్లోబుపై దారము బిగించి చూచినచో దగ్గరి దారి ఉత్తరధ్రువపు ఛాయలకు పోవును. అట్లాసులో స్కేలు పెట్టి కొలిచినవారు ఈ మాట నమ్మరు.

తిరుగు ప్రయాణమునకు దాదాపు గంట తక్కువ. పుట్టినూరి మహిమ అని కొందఱు. ఎత్తున పడమటి నుండి తూర్పునకు వీచు జెట్ స్ట్రీమ్ గాలి విమానమును వీపున తోయుట అసలు కారణము. తొలి మతమే తల్లికి రుచించినది.

విశేషము: ఎయిర్ ఇండియా ఈ నేరుదారి విమానమును హైదరాబాదు నుండి తొలిసారి నడిపినది 2021 జనవరి 15న. ఆనాడు కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదని లోకోక్తి. కదలినది బోయింగ్ 777 గాని కాకి కాదు గనుక దోషము లేదని పురోహితునిచే చెప్పించిరి. తల్లి మాత్రము తరువాతి శుక్రవారమునకు టికెట్టు కొనిపించినది.

పాఠాంతరము: ‘కూర్చోవడమే’ అనుచోట ‘హాయిగా పడుకోవచ్చు’ అని కోడలి ఫోనులో కలదు. ఎకానమీ సీటు ఎంత వెనుకకు వాలునో, మోకాళ్ళు ఎచట తగులునో ఎఱిగినవారు ఈ పాఠమును ప్రక్షిప్తమందురు.