అడ్మిట్ వచ్చిన సేవకుడు

తాండూరులో పొద్దున్నే రైలెక్కి వికారాబాదులో దిగే ఇంజినీరింగ్ పిల్లల్లో ఈ రకం వాణ్ని గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబు మీద ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బ్యాడ్జి ఉంటుంది. అందులోది కోణార్క చక్రం. దాని 8 ఆకులు రోజులోని 24 గంటలకు గుర్తు. ఏ వేళ పిలిచినా సేవకు సిద్ధమని అర్థం. మనవాడూ సిద్ధమే, అమెరికా యూనివర్సిటీకి ఎస్‌ఓపీ అనే దరఖాస్తు వ్యాసం పంపేదాకా.

ఎన్‌ఎస్‌ఎస్ 1969లో, గాంధీ శతజయంతి ఏడాది మొదలైంది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏదైనా పల్లెలో 7 రోజుల క్యాంపు చేయాలి. అప్పుడే సర్టిఫికెట్టు. “ప్రొఫైల్‌ల సోషల్ సర్వీస్ లేదు తమ్మీ” అని కన్సల్టెన్సీ అన్న చెప్పిన సాయంత్రమే మనవాడికి ఈ సమాజం మీద ప్రేమ పుట్టింది.

ఇక వాణ్ని ఆపతరమా! ఆదివారం హైదరాబాదు కార్లు వెళ్లిపోయాక అనంతగిరి గుట్టల్లో ప్లాస్టిక్ సీసాలు ఏరాడు. మూసీ పుట్టిన చోట చిప్స్ ప్యాకెట్లు పుట్టకూడదని జూనియర్లకు ఉపన్యాసమిచ్చి, సంచి వాళ్లకే అప్పగించాడు. తాండూరు పక్క ఊళ్లో బడి గోడకు సున్నం కొట్టాడు. మొక్క కూడా నాటాడు. ఫొటోలో ఆ మొక్కను ఆరుగురు పట్టుకున్నారు. తర్వాత నీళ్లు పోసింది మాత్రం బడి ఆయమ్మ ఒక్కతే. పొద్దుగూకాక రిజిస్టరు దగ్గర చేరి, “చాయ్ తాగిన టైము గూడ గిండ్లనే వస్తది గద సార్?” అని అడిగేవాడు.

ఎస్‌ఓపీలో ఆ సీసాలు పర్యావరణ ఉద్యమానికి నాయకత్వమయ్యాయి. సున్నం గ్రామీణ విద్యలో మార్పయింది. 2022లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కంది చేలో నిలబడి దిగిన ఫొటో రైతులతో మమేకమవడమయింది. ఆ చేను వాళ్ల మేనమామదే. అక్కడికి వాడు వెళ్లింది పచ్చి కందికాయ ఉడకబెట్టుకు తినడానికి.

ఎండలు ముదురుతుండగా అడ్మిట్ వచ్చింది. ఆ మరుసటి ఆదివారమే నడుము పట్టేసింది. ఆ పై ఆదివారం అమ్మమ్మకు బాగాలేదు. క్యాంపు మొదలైన రోజున ఫోనే పనిచేయలేదు, స్టేటస్‌లో మాత్రం సూట్‌కేసు బేరం కనబడింది.

అట్లాగని వాడు బద్ధకస్తుడని అనుకోకండి. చిలుకూరు బాలాజీ గుడిలో అడ్మిట్ కోసం 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నవాడు, అది రాగానే వెళ్లి 108 పూర్తి చేశాడు. అంకెల కార్డు మీద ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ, మండుటెండలో, ఒక్కటి తగ్గకుండా. రైల్లో దోస్తు ఉండబట్టలేక అడిగాడు: “అక్కడ ఒక్క చుట్టు ఇడ్వలేదు, ఇక్కడ క్యాంపే ఎగ్గొట్టినవేందిరా?”

“దేవుని బాకీ ఉంటే వీసా కాడ దెబ్బ పడ్తది. క్యాంపు బాకీ ఉంటే ఏమైతది?”

నిజమే, ఏమీ కాదు. నాకు వాడి మీద కోపం కూడా రాదు. సేవను గంటల్లో కొలిచి రిజిస్టరులో ఎక్కించింది వాడు కాదు కదా. ఆ రిజిస్టరును మనందరికన్నా శ్రద్ధగా చదివాడంతే.

సెలవులకు ముందు ప్రోగ్రాం ఆఫీసరు గది ముందు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. చేతిలో లావుపాటి ఫైలు, వెనకాల మీసం మొలుస్తున్న తమ్ముడు.

“సార్, వీసా ఫైల్ల సర్టిఫికెట్టు ఉంటే మంచిదంటున్రు.”

సారు రిజిస్టరు తిప్పారు. “గంటలు తక్కువున్నయి. క్యాంపు అసలే లేదు.”

మనవాడు తమ్ముణ్ని ముందుకు తోశాడు. “వీడు చేస్తడు సార్. నా పేరు మీద ఎక్కియ్యుండ్రి.”

సారు కళ్లజోడు తీసి పిల్లవాడి వైపు జాలిగా చూశారు. “మీ అన్న సరే. నీకేం గావాలె బిడ్డా?”

“కెనడా, సార్.”