రేడియేషన్ మామ

కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఏ ఇంట్లో కోడలు నీళ్ళోసుకున్నా, ఆశా కార్యకర్త వచ్చి తాయి కార్డు (తల్లి కార్డు) రాయించేలోపే రేడియేషన్ మామ వచ్చి అరుగెక్కి కూర్చుంటాడు. ఆయన అసలు పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది. బయట దాంతో ఎవరికీ పని పడదు. ఒక్క మనిషే అనుకునేరు. తిరుమణిలో ఒకాయన ఉన్నాడు, వై.ఎన్. హొసకోటలో ఒకాయన, నాగలమడికెలో ఇద్దరు. ఆ ఇద్దరికీ మాటల్లేవు. మూడో నెల స్కానింగు ఎక్కువ ప్రమాదమా, ఐదో నెలదా అన్న దగ్గర చెడింది.

మామ వచ్చీ రాగానే కాఫీ అడగడు. ముందు కోడలి ముఖం చూస్తాడు, గూట్లో పెట్టిన ఆస్పత్రి ఫైలు చూస్తాడు, పెద్దగా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పుకే ఇంట్లో ఆడవాళ్ళకు సగం ప్రాణం పోతుంది.

"స్కానింగుకు పోతాండారంట?"

"అవు మామా, శనివారం. హిందూపురానికి."

"శనివారమా!"

పావగడకు మూడు దిక్కులా ఆంధ్రనే. శనివారమొస్తే అక్కణ్ణుంచి బస్సులకు బస్సులు శనిమహాత్మ గుడికి వచ్చి దిగుతాయి. జనమంతా శనిదేవుడి దగ్గరికి వస్తాంటే కోడలు ఎదురు బస్సెక్కి మిషన్ దగ్గరికి పోవడం మామ దృష్టిలో మంచి శకునం కాదు.

"పోండి, పోండి. నాదేముండాది, చెప్పేవాణ్ణి. కడుపులో బిడ్డ మీద రేడియేషన్ కొడితే ఏమయితాదో ఆ దేవుడికే ఎరుక. ఆ మిషన్ దెబ్బకు రాళ్ళే కరుగుతాయంట! మా కాలంలో యా స్కానింగులుండె? మా అమ్మ పదకొండుమందిని కనె."

"ఎంతమంది బతికిరి మామా?"

"ఏడుమంది" అంటాడు మామ, గొంతులో గర్వం ఏమాత్రం తగ్గకుండా.

స్కానింగు యంత్రంలో ఎక్స్‌రే లేదని ఆయనకు చెప్పినవాళ్ళు ఉన్నారు. అందులో ఉన్నది శబ్దం. మన చెవికి సెకనుకు 20,000 కంపనాల దాకానే వినబడుతుంది. జెల్లు పూసి కడుపు మీద పెట్టే ఆ పిడి సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాల శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ కడుతుంది. పలికేది రెప్పపాటుకన్నా తక్కువసేపు, మిగిలిన సమయమంతా వినడమే. మామ స్వభావానికి ఇది పూర్తిగా విరుద్ధం కాబట్టి ఆయనకు నమ్మకం కుదరదు.

అట్లని ఆయన భయం గాల్లోంచి పుట్టిందనలేం. 1950లలో ఆలిస్ స్టీవర్ట్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ, కడుపుతో ఉన్నప్పుడు ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లల్లో క్యాన్సర్లు ఎక్కువ కనబడుతున్నాయని లెక్కలు తీసి చూపించింది. పెద్దపెద్ద డాక్టర్లు చాలా ఏళ్ళు ఆమె మాట చెవిన పెట్టలేదు. ఆ సర్వే పూర్తి పాఠం అచ్చయింది 1958లో. సరిగ్గా అదే ఏడాది గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్, ఆయన జతగాళ్ళు శబ్దంతో కడుపు లోపల చూడొచ్చని లాన్సెట్ పత్రికలో రాశారు. మామ ఈ రెండు కబుర్లలో మొదటిదాన్ని ఎవరి నోటో విని, రెండోది చెప్పేలోపు లేచి వచ్చేశాడు. (డొనాల్డ్ తొలి ప్రయోగాలు బాయిలర్లు చేసే ఫ్యాక్టరీలో, లోహంలో పగుళ్ళు వెతికే యంత్రంతో జరిగాయి. ఈ ముక్క మాత్రం దయచేసి మామ దాకా పోనీయకండి.)

ఆయన అడగాలేగానీ అడగదగిన ప్రశ్నలు లేకపోలేదు. శబ్దం కండలోకి దిగితే కొద్దిపాటి వేడి పుడుతుంది. అందుకే ఆ వేడి ఎంత, ఒత్తిడి ఎంత అని చెప్పే రెండు సూచికలు తెర మీద కనబడుతుంటాయి. డాప్లర్ అనే పద్ధతిలో వేడి ఇంకాస్త ఎక్కువ కాబట్టి తొలి వారాల్లో అవసరం లేకుండా దాని జోలికి పోరు. వైద్యం పని ఏమీ లేకుండా, ఆల్బంలో పెట్టుకోను బిడ్డ వీడియోలు తీయించుకోవద్దని అమెరికా ఎఫ్‌డీఏ చెప్తుంది. అవసరమున్నప్పుడు, అవసరమున్నంతసేపే అన్నది డాక్టర్లు పెట్టుకున్న కట్టుబాటు. ఆ లెక్కలో చూసినా 24 వారాల్లోపు ఒక స్కాన్ చేయించడం మంచిదనే 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మామ ఇవేవీ అడగడు. జవాబు ఉన్న ప్రశ్నతో అరుగు మీద గంటసేపు కూర్చోవడం కష్టం.

ఒక్కసారి మాత్రం శాస్త్రం ఆయన చేతికి చిక్కింది. స్కాన్ జరిగిన పిల్లల్లో ఎడమచేతివాటం కొంచెం ఎక్కువ ఉండొచ్చని నార్వే పరిశోధకులు 1993లో రాశారు. సంబంధం బలహీనమైనదనీ, మెదడు ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదనీ వాళ్ళే చెప్పారు. ఊర్లో ఒక టీచరు ఈ కథంతా చెప్తే మామ చెవిలో ఎడమ చెయ్యి మాత్రం మిగిలింది. అప్పట్నుంచి అంగన్‌వాడీ ముందర నిలబడి, ఏ పిల్లోడు ఏ చేత్తో గుడ్డు తింటాన్నాడో చూసి, వాళ్ళమ్మకు ఎన్ని స్కానింగులయ్యాయో లెక్క కడుతున్నాడు.

మామను భయపెట్టాలంటే ఆ వస్తువుకు ప్లగ్గు ఉండాలి, లేదంటే పైనుంచి కిరణాలైనా పడాలి. 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణానికి వీధిలో గర్భిణులందరి కిటికీలకూ దుప్పట్లు కట్టించిన ఘనత ఆయనదే. సెల్‌ఫోన్ మాత్రం చొక్కా ఎడమ జేబులో, గుండెకు ఆనించి ఉంటుంది. "చార్జింగులో లేనప్పుడు దాంతో ఏం కాదప్పా."

ఇక సోలార్ పార్కు. తిరుమణి చుట్టుపక్కల ఐదూర్ల భూముల్లో, దాదాపు 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల పలకలు పరుచుకున్నాయి. ఆ పలకల రేడియేషన్‌కే వానలు పోయినాయని, కడుపుతో ఉన్నోళ్ళు ఆ దారిన నడవకూడదని మామ సిద్ధాంతం. భూములు రైతులవే, కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, తర్వాత రెండేళ్ళకోసారి కొంత పెంపు. అందులో మామవి నాలుగెకరాలున్నాయి.

"మరి నువ్వు యాల ఇస్తివి మామా?"

"అది అగ్రిమెంటు కదప్పా."

అగ్రిమెంటు రాసుకున్న రేడియేషన్ మనిషికి తగలదు.

ప్లగ్గు లేని నీళ్ళంటే ఆయనకు ఎక్కడలేని ధైర్యం. పావగడ బోరునీళ్ళలో ఫ్లోరైడు సంగతి తాలూకా అంతా ఎరిగిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటారు. దాటిన నీళ్ళు ఏం చేస్తాయో మామ నవ్వితే పళ్ళ మీదే చదువుకోవచ్చు. బిళ్ళ వేస్తే బిందె నింపే శుద్ధనీటి ఘటకం వీధి చివర్లోనే ఉన్నా, ఆ నీళ్ళలో రుచి లేదని కోడలికి కూడా బోరునీళ్ళే తాగమని చెప్తాడు. ఆశమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడని దిబ్బలో పారేయిస్తాడు. రక్తం తక్కువైన పిల్ల కళ్ళు తిరిగి పడితే మాత్రం, "చెప్తి కదా, స్కానింగని" అంటాడు.

ఇంతా చేసి, శనివారం పొద్దుగూకి కోడలు హిందూపురం నుంచి బస్సు దిగుతుందో లేదో, అరుగు మీద మొదట కనబడేది ఆయనే. గొంతు బాగా తగ్గిస్తాడు.

"ఏమమ్మా... ఏమనిరి?"

"అంతా బాగుండాదంట మామా."

"అది సరేలేమ్మా. ఏమనిరి?"

ఆ రెండో 'ఏమనిరి' కోసమే 1994లో చట్టం వచ్చింది. కడుపులో ఉన్నది ఆడో మగో మాటతో గానీ సైగతో గానీ మరే రకంగా గానీ తెలియజేయకూడదని అందులో ఉంది. మొదటిసారి దొరికితే మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా. స్కానింగు గది బయట ఆ బోర్డు ఉండి తీరాలి. బోర్డు చదివి కూడా మామ కోడల్ని ఊరికే వదలడు. డాక్టరమ్మ నవ్విందా, నవ్వితే ఎట్ల నవ్వింది, తెరను చూసి నవ్విందా నిన్ను చూసి నవ్విందా, కాగితం ఏ చేత్తో ఇచ్చింది? బిడ్డకు హాని చేస్తుందని పొద్దున దాకా తిట్టిన మిషనే, ఈ ఒక్క మాట చెప్తానంటే మామ దాన్ని అరుగు మీదికి పిలిచి కాఫీ ఇస్తాడు. ఆ శబ్దం వల్ల ఏ బిడ్డకు ఏమైందో చూపించడానికి ఇన్నేళ్ళ పరిశోధన తంటాలు పడుతోంది. ఆ మాట వల్ల ఈ దేశంలో ఎంతమంది ఆడబిడ్డలు పుట్టకుండానే పోయారో జనాభా లెక్కల్లోనే కనబడుతుంది. మామకు ఆ మాటంటే భయం లేదు. దానికి ప్లగ్గు లేదుగా.

పోయిన ఎండాకాలం మామకు నడుములో నొప్పి లేచింది. మెలికలు తిరుగుతుంటే ఇద్దరు పట్టుకుని ఆటోలో వేశారు. నీళ్ళు బాగా తాగించి, ఉచ్చ ఆపుకోమని చెప్పి, ఏడో నెల గర్భిణి పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలిచి పొట్ట మీద చల్లగా జెల్లు పూశారు. మామ కళ్ళు మూసుకుని శనిమహాత్ముణ్ణి తలుచుకున్నాడు. కిడ్నీలో ఎనిమిది మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు. మామ కళ్ళు తెరిచాడు.

"ఇంకా కొంచేపు పట్టు సార్."

"చూడడం అయిపోయింది, దిగండి."

"కరిగేదాకా పట్టు సార్, పరవాలేదు, నేను ఓర్చుకుంటా."

రాళ్ళను పగలగొట్టే యంత్రం వేరే ఉందని, ఇది చూడటానికి మాత్రమేనని డాక్టరు ఎంత చెప్పినా మామకు నచ్చలేదు. ఖర్చు తగ్గించి రేడియేషన్ తక్కువ పెట్టారని ఆయన అనుమానం. పది రోజులు తిరక్కుండానే, రాయి జారిందో లేదో చూడాలని ఇంకోసారి పోయి తీయించుకున్నాడు. ఇప్పుడు ఆ నల్లటి ఫొటోలు రెండూ చొక్కా జేబులో, సెల్‌ఫోన్ వెనకాల ఉంటాయి. ఎవరు కనబడినా తీసి, వెలుతురుకు పట్టుకుని, తెల్లటి చుక్క మీద వేలు పెట్టి చూపిస్తాడు. మొన్న బాలింత కోడలు బిడ్డను చంకనేసుకుని ఆ ఫొటో చాలాసేపు చూసి అడిగింది:

"ఎన్నో నెల మామా?"