తోడు పద్యానికి ‘మీగడ’ వ్యాఖ్య

మూలం (ఆటవెలది)

పాలు కాచి దించి పైవేడి తగ్గాక
గోరువెచ్చనైన గురుతు జూచి
చెంచెడంత తోడు చేర్చి మూతను బెట్టి
కదపఁబోకు మింక, నిదుర పొమ్ము.

అవతారిక

గ్రంథం నిర్విఘ్నంగా సాగడానికి మొదట మంగళం పలకడం పెద్దల ఆచారం. ఈ పద్యం ‘పాలు’ అనే మాటతో మొదలైంది. కొత్త ఇంట్లో మొదట పొంగించేవీ పాలే. కనుక వేరే మంగళం అక్కరలేదు. ఇది వస్తునిర్దేశ రూపమైన మంగళమని గ్రహించాలి.

కర్త ఎవరంటే, మా ఇంటి పెద్దావిడ. కాలం ప్రతి రాత్రి, పొయ్యి గట్టు తుడిచిన తరువాత. ఆవిడ చెప్పింది వచనంలోనే. గణాలు సర్దినవాడు వ్యాఖ్యాత. యతి ఎక్కడైనా తప్పితే ఆ తప్పు నాది, పెరుగు గడ్డలా తోడుకుంటే ఆ గొప్ప ఆవిడది.

మెదక్ సీమలోని కొలిచెలమ, అంటే నేటి కొల్చారం, వంశనామంగా గల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష అనే వ్యాఖ్యలు రాశాడు. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్యాత కూడా పాటిస్తాడు. ఈ వ్యాఖ్య పేరు ‘మీగడ’. మూలం మీదే తేలుతుంది, మూలం కంటే మందంగా ఉంటుంది, వద్దనుకున్నవారు పక్కకు తోసి కిందిది తాగవచ్చు.

ప్రతిపదార్థం

పాలు = అరలీటరు ప్యాకెట్టు పాలు. టోన్డ్ పాలైతే వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ అయితే 6. వాడుకగా గేదెపాలు పోయించుకునే అదృష్టవంతులు ఈ పదానికి టీక చదవనక్కరలేదు.

కాచి = పొంగు వచ్చాక మంట తగ్గించి, మరికాసేపు మరగనిచ్చి. ‘ప్యాకెట్టు పాలు పాశ్చరైజ్ చేసినవే కదా, మళ్లీ కాచడం పునరుక్తి కాదా?’ అని శంక. కాదు. పాలు 80 డిగ్రీలు దాటి కొంతసేపు ఉంటే, వాటి తేటలో ఉండే మాంసకృత్తులు విచ్చుకుని కేసీన్ అనే మరో మాంసకృత్తును అంటిపెట్టుకుంటాయి. అప్పుడే పెరుగు గట్టిగా తోడుకుంటుంది, నీరు తేలడం తగ్గుతుంది. కర్త్రి ‘వెచ్చజేసి’ అనకుండా ‘కాచి’ అనడంలోని ఔచిత్యం ఇదే.

దించి = పొయ్యి కట్టేసి, గిన్నె గట్టు మీదికి చేర్చి. ఈ మాటతో వంటింటి పగలు ముగిసింది.

పైవేడి తగ్గాక = ఆవిరి అణిగిన తరువాత. గిన్నె అంచు పట్టుకోగలిగినంత మాత్రాన లోపల చల్లారినట్టు కాదని హెచ్చరించడానికే ‘పైవేడి’ అన్నది. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కొంచెంసేపు ఆగక తప్పదు. ఎందుకంటే పద్యంలో ఏ పనీ చెప్పని చోటు ఇదొక్కటే. పాలు చల్లారుతుంటే మీగడ ముందు అంచుల దగ్గర పట్టి, నడుమకు జరుగుతూ, సన్నగా ముడతలు పడుతుంది. పొంగి కిందికి దిగిన పాలు గిన్నె లోపలి గోడకు తెల్లని చార కట్టి ఎండుతాయి. సింకులో గిన్నెలన్నీ అయిపోయాయి. రేపటి ఇడ్లీ పిండి ఒక మూల తన పని తాను చేసుకుంటోంది. నిలబడి చూడడం తప్ప చేయవలసింది లేదు. గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి తొందరపెట్టేవారూ ఉన్నారు. శాస్త్రం దాన్ని నిషేధించలేదు, ప్రశంసించనూ లేదు.

గోరువెచ్చనైన గురుతు చూచి = ఇచట ప్రమాణ చర్చ. చిటికెన వేలు ముంచి, చురుక్కుమనకుండా పది దాకా లెక్కపెట్టగలిగితే అది ప్రత్యక్షం. గిన్నె పొట్టకు అరచెయ్యి ఆనించి లోపలి సంగతి ఊహిస్తే అది అనుమానం. ‘అయ్యాయిలే, వేసెయ్’ అని హాల్లోంచి వినిపిస్తే అది శబ్దం, అన్నిటికంటే తక్కువ నమ్మదగినది. థర్మామీటరు పెట్టి చూస్తే 40 డిగ్రీల దరిదాపు ఉంటుంది. మరీ వేడిగా ఉంటే తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మరీ చల్లారితే బద్ధకిస్తాయి.

చెంచెడంత తోడు = ఇవాళ్టి పెరుగులోంచి, ఆఖరి ముద్దకు ముందు తీసి దాచిన చెంచాడు. దీనినే చేమిరి అనీ అంటారు. ‘తోడు’ను ‘చేమిరి’గా దిద్దితే గణం చెడుతుంది గనుక ఆ పాఠం గ్రాహ్యం కాదు. అర్థంలో భేదం లేదు. ఇందులో ఉండేది ఒకే జాతి కాదు, ఇంటింటికీ మారే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాల గుంపు. పాలను తోడుకునేలా చేసే ఒక బాసిల్లస్‌ను 1905లో జెనీవాలో చదువుకుంటున్న స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు తన ఊరివైపు పెరుగులో గుర్తించాడు. అందుకే దాని పేరులో బల్గేరియా ఉంది. ముసలితనాన్ని ఆపడానికి ఇలాంటి పెరుగు పనికొస్తుందని పారిస్‌లో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త వాదించాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది గాని, అది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి, పెరుగుకు కాదు.

పెరుగు కావాలంటే తోడు కావాలి, తోడు కావాలంటే పెరుగు కావాలి. ఇది అనవస్థా దోషం కాదా అంటే, బీజాంకుర న్యాయం వల్ల కాదు. విత్తు ముందా మొలక ముందా అని ఆగి కూర్చున్న రైతు లేడు. పరంపర తెగినప్పుడు పక్కింటి తలుపు తట్టడం ఉత్తమ పక్షం. ఎండుమిరపకాయలు తొడిమలతో సహా వేసి తోడుపెట్టడం మధ్యమ పక్షం. అలా వచ్చిన తొలి పెరుగు పలచగా ఉన్నా, దానితో మళ్లీ తోడుపెడితే గట్టిపడుతుంది.

‘అంత’ అన్నందువల్ల పరిమాణ నియమం. ఎక్కువ వేస్తే ఎక్కువ పెరుగు రాదు, త్వరగా పులుపు వస్తుంది. సంసారంలో ఎక్కువ వేసినకొద్దీ ఎక్కువ ఫలితం అనే సూత్రం పనిచేయని చోట్లలో ఇది ముఖ్యమైనది.

చేర్చి = ఒకసారి కలియబెట్టి. గిరగిరా గిలకొట్టడం కాదు. ఆ పని రేపు కవ్వానిది.

మూతను బెట్టి = స్పష్టం.

కదపఁబోకుము = కదిలించకు, ఎత్తి చూడకు, తోడుకుందేమోనని గిన్నె వంచకు. పాలలోని చక్కెర ఆమ్లంగా మారి, పులుపు తగిన మోతాదుకు చేరినప్పుడు కేసీన్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. నీరంతా ఆ వలలోనే నిలుస్తుంది. మధ్యలో కదిపితే వల తెగి నీరు వేరవుతుంది. చూడాలన్న ఆత్రమే చెడగొడుతుందన్నమాట.

ఇంక = దీని తరువాత. ఈ పద్యానికి ప్రాణం ఈ రెండక్షరాల్లో ఉంది. వివరణ తాత్పర్యంలో.

నిదుర పొమ్ము = పడుకో.

తాత్పర్యం

పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు తోడు వేసి, మూతపెట్టి పడుకోమని స్థూలార్థం.

ఇంట్లో పనులు రెండు రకాలు. ఊడ్చడం, తోమడం, ఉతకడం మొదటి రకం. ఎంత చేస్తే అంత అవుతాయి, ఆపితే ఆగిపోతాయి. తోడుపెట్టడం రెండో రకం. ఇందులో మన వంతు ఒక చెంచా. మిగతాదంతా మనం లేనప్పుడు, మన సలహా లేకుండా జరుగుతుంది. పగలంతా అన్నీ నా మీదే నడుస్తున్నాయనుకునే మనిషికి రోజు చివర ఇలాంటి పని ఒకటి చేతికి రావడం మేలు. మన వంతు ఎక్కడ ముగిసిందో ‘ఇంక’ అనే మాట గీత గీసి చూపిస్తుంది. ఆ గీత దగ్గర చేతులు కడుక్కోగలగడమే తృప్తి. ధ్యానం చేయమని గాని, మనసును జయించమని గాని కర్త్రి ఎక్కడా అనలేదు. మూత పెట్టమన్నది. మనసు సంగతి మూతే చూసుకుంటుందని ధ్వని.

విశేషాంశాలు

ఛందస్సు: మూడు పాదాల్లో మామూలు యతి. నాలుగో పాదంలో మాత్రం ప్రాసయతి. ‘కదప’కు ‘నిదుర’తో ప్రాస కుదిరింది. కదపడం మానినవారికే నిద్ర అని ఛందస్సు కూడా ఒప్పుకున్నట్టు.

అలంకారం: స్వభావోక్తి. పెరుగును చంద్రుడితో, మల్లెపువ్వుతో, కీర్తితో పోల్చే అవకాశం చేతికందినా కర్త్రి వదులుకుంది. మర్నాడు తినబోయేదాన్ని ఎవరూ పోల్చరు.

రసం: శాంతం. చల్లారుతున్న గిన్నె ఆలంబనం, తుడిచిన గట్టు మీది తడి ఉద్దీపనం. నిద్రను లాక్షణికులు ముప్పైమూడు వ్యభిచారిభావాల్లో చేర్చి, వచ్చిపోయేదన్నారు. తెల్లవారి అయిదింటికి కుళాయి నీళ్లు వచ్చే వీధుల్లో ఇది అనుభవసిద్ధం.

పాకం: ద్రాక్షాపాకం నోట్లో వేసుకోగానే కరుగుతుంది, కదళీపాకానికి తొక్క తీయాలి, నారికేళపాకాన్ని పగలగొట్టాలి. ఈ పద్యం ఈ మూడింటిలో దేనికీ చెందదు. దీనిది దధిపాకం. ఏమీ చేయనక్కరలేదు, ఒక రాత్రి ఆగాలి.

దేశకాలాలు: ‘ఎంతసేపు?’ అన్న ప్రశ్నకు పద్యంలో జవాబు లేదు. అది లోపం కాదు. రెంటచింతల వేసవిలో తెల్లవారకముందే పులుపెక్కుతుంది. లంబసింగి చలిలో గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దాచినా పొద్దెక్కేదాకా పాలు పాలుగానే ఉండవచ్చు. న్యూజెర్సీలోని తెలుగువారు చలికాలంలో గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి ఉంచుతారు. రొట్టె కాల్చే పెట్టెను రాత్రిపూట బియ్యం డబ్బా చేసుకున్నారు. ఇన్ని సీమల్లో ఇన్ని గడువులుండగా ఒక అంకె వేసి ఉంటే పద్యం ఒక్క జిల్లాకే పనికొచ్చేది.

పూర్వపక్షం, సిద్ధాంతం

మొదటి పూర్వపక్షం. వీధి చివర కొట్లో కప్పు పెరుగు దొరుకుతుంది, ఫోనులో చెప్తే ఇంటికే వస్తుంది. ఇంత తతంగమెందుకు? సమాధానం: కొన్న పెరుగు మీద మాకు ద్వేషం లేదు. తోడు తెగినప్పుడు మేమూ దాన్నే ఆశ్రయిస్తాం. కాని కప్పు తెచ్చుకుంటే పెరుగు మాత్రమే వస్తుంది. ‘ఇంక’ రాదు.

రెండో పూర్వపక్షం బలమైనది. ‘ఇందులో శాంతం ఎవరికి? అందరూ తిని లేచాక గట్టు తుడిచి, పాలు చల్లారేదాకా నిలబడేది ఒక్క ఆడమనిషి. తెల్లవారి మొదట లేచేదీ ఆవిడే. ఆ అలసటకు రసమని పేరు పెట్టి మెచ్చుకోవడం వ్యాఖ్యాతలకు సులువు.’

ఈ ఆక్షేపణను తోసిపుచ్చడం వ్యాఖ్యాతకు చేతకాదు. పద్యమే సమాధానం చెప్పాలి. ‘బోకుము’, ‘పొమ్ము’ రెండూ మధ్యమ పురుష ఏకవచనాలు. తెలుగులో వాటికి లింగభేదం లేదు. పద్యమంతా వెతికినా ‘కోడలా’ అని గాని, ‘అమ్మాయీ’ అని గాని సంబోధన లేదు. అది ఇళ్లలో తరువాత చేరిన ప్రక్షిప్తం. ఎదుట ఎవరుంటే వారికే ఈ విధి. ఇంకొక సంగతి: ‘నిదుర పొమ్ము’ అన్నది వర్ణన కాదు, విధి. తోడు వేసిన మనిషిని ఆ తరువాత మంచినీళ్ల కోసమో, ఇస్త్రీ చొక్కా కోసమో లేపితే విధిభంగం. నిద్రపోనివ్వని ఇంట్లో ఈ పద్యం సగమే అమలైనట్టు. కనుక చెంచా వంతులవారీగా చేతులు మారాలన్నది సిద్ధాంతం. ‘నాకు వేడి తెలియదు’ అనే మగవారికి చిటికెన వేలు ఉందా లేదా అన్నదే పరీక్ష.

ప్రాయశ్చిత్తం, ఫలశ్రుతి

పులిసిందా, మజ్జిగ పులుసు పెట్టాలి. మరీ పులిసిందా, బియ్యప్పిండి, రవ్వ కలిపి అట్లు పోయాలి. నీళ్లు తేలాయా, వంచి పప్పులో పోయాలి. తోడుకోలేదా, గిన్నెను వెచ్చని చోటుకు మార్చి ఇంకో రెండు గంటలు ఆగాలి. ఈ శాస్త్రంలో ప్రాయశ్చిత్తాలన్నీ తినదగినవే. అందుకే దీన్ని ఆచరించేవారు భయం లేకుండా నిద్రపోతారు.

ఈ పద్యాన్ని రోజూ చదివినవారికి ఏ ఫలమూ లేదు. చదవకపోయినా, తోడు వేసి కదపకుండా పడుకున్నవారికి మర్నాడు పెరుగు, మర్నాటి రాత్రికి మళ్లీ చెంచెడు తోడు సిద్ధిస్తాయి.

ఇది గట్టు తుడుచు విద్యలో ఇంకా అభ్యాసి అయిన ఒకానొక గృహస్థుచే, ఇంటావిడ నిద్రకు భంగము రానీయక రచింపబడిన మీగడ వ్యాఖ్యయందు రాత్రికాండము సమాప్తము. ఉదయకాండమునకు, అనగా కాఫీకి, వ్యాఖ్యాతలు కావలెను.