ఈశాన్యం పల్లం

నవ్వితే నవ్వండి గానీ, పూర్తిగా విన్నాక నవ్వండి.

స్టుట్‌గార్ట్ చుట్టూ అన్నీ కొండవాలులే. ఎండ బాగా తగిలే దక్షిణపు వాలుల్లో ద్రాక్షతోటలు, డబ్బున్నవాళ్ల మేడలు. మాకు దొరికింది ఊరి బయట కొత్త లేఅవుటులో ఈశాన్యానికి జారే వాలు మీద ఇల్లు. ఎండ తక్కువని జర్మన్లు మొహం తిప్పుకుంటే నేను ఎగిరి గంతేశాను. ఈశాన్యం పల్లం, నైరుతి ఎత్తు! ఎత్తంటే మామూలు ఎత్తా, ఏకంగా కొండే. గుంటూరులో మా మావగారు ప్లాను చూపిస్తే సిద్ధాంతిగారు ‘ఇలాంటి స్థలం కోటికొకరికి దొరకదు’ అన్నారట. దండిగా దక్షిణ పంపించాం.

కొండ మీద పడ్డ వాన ఎటు దిగుతుందో మాత్రం ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎగువ వైపు గదుల కింద మోకాలెత్తు ఖాళీ ఉంది. ఇక్కడివాళ్ల భాషలో క్రీహ్‌కెల్లర్. పాక్కుంటూ తప్ప లోపలికి పోలేం. ‘కొనేముందు దాన్ని నిపుణుడికి చూపించు’ అన్నాడు ఆఫీసులో ఒక పెద్దాయన. వాలు మీద కొత్త ప్లాటంటే ఎగువన కోసిన మన్ను దిగువన పోసి చదును చేస్తారట. పోసిన మన్ను ఏళ్ల తరబడి కుంగుతుంది, ఎగువ నీరు వచ్చి గోడకి తన్నుతుంది. ఫీజెంతని అడిగితే కొన్ని వందల యూరోలన్నాడు. ఇంజినీరుని నేనుండగా ఇంకో ఇంజినీరెందుకు! నేను రాసేది కారు బ్రేకులకి సాఫ్ట్‌వేరనుకోండి, అది వేరే సంగతి.

నేలతో ఆటలొద్దని నాకు తెలియక కాదు. ఇదే రాష్ట్రంలో స్టౌఫెన్ అనే ఊళ్లో 2007లో టౌన్‌హాలుకి భూమిలోని వేడి వాడుకుందామని బోర్లు వేస్తే, అడుగు పొరకి నీళ్లు తగిలి నేల ఉబ్బి, 250కి పైగా ఇళ్లు బీటలిచ్చాయి. ఆ కథని మా క్యాంటీన్‌లో అందరికీ చేతులు తిప్పుతూ చెప్పింది నేనే.

సిద్ధాంతికిచ్చేది ఖర్చు కాదు, పరీక్షకిచ్చేది దండగ. మనందరిదీ ఇదే లెక్క కదండీ?

ఇల్లు కొనే పత్రం మీద సంతకాల రోజు నోటరీగారు ‘దుబాసీ కావాలా?’ అన్నారు. జర్మన్‌లో బి-1 పరీక్ష పాసైనవాణ్ణి, నాకు దుబాసీయా! ఇక్కడి చట్టం ప్రకారం పత్రమంతా ఆయన పైకి చదవాలి. చదివారు. గడగడా చదివారు. నేను ప్రతి పేరాకీ ‘యా, యా’ అన్నాను. లోపాలు బయటపడితే అమ్మినవాడికి బాధ్యత లేదన్న పేరాకి ఇంకాస్త గట్టిగా అన్నాను.

ఎండాకాలం రాగానే కింద నుంచి ముక్క వాసన. గాలాడితే ఆరిపోతుందని జాలీలన్నీ బార్లా తెరిచాను, తలుపు తీశాను, టేబుల్ ఫ్యాను పెట్టాను, రాత్రింబవళ్లు తిప్పాను, వాసన పెరిగితే రెండో ఫ్యాను కొన్నాను, పక్కింటావిడ వింతగా చూస్తే ‘ఇండియన్ టెక్నిక్’ అన్నాను, అక్కడే దాచిన మా ఆవిడ పెళ్లిచీరల సూట్‌కేసు వరలక్ష్మీ వ్రతానికని తెరిస్తే, ఉప్పాడ పట్టు జరీ అంచు పొడుగునా తెల్లగా బూజు!

అప్పుడు పిలిచాను నిపుణుణ్ణి. తలకి లైటు కట్టుకుని, పొట్ట మీద పాకుతూ లోపలికెళ్లి, మూల మూలా తేమ మీటరు పెట్టి, మోకాళ్ల నిండా బురదతో బయటికొచ్చి ఒక్కటే అడిగాడు: ‘ఈ ఫ్యాన్లు ఎవరు పెట్టారు?’ ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు, బయటి వేడిగాలిలోని తేమ చల్లటి గోడకి తగలగానే నీరవుతుందట. వేసవిలో జాలీలు పగలు మూసి, బయట చల్లబడ్డాక తెరవాలట. ఇక నైరుతి గోడంటారా, అది కొండనీటికి తడిసి ఉంది. దాన్ని బయట నుంచి పునాది దాకా తవ్వి, పూత పూసి, కంకరలో డ్రైనేజీ పైపు వెయ్యాలి. ఎస్టిమేటు చూస్తే ఆయన ఫీజు చిల్లరలా కనిపించింది.

మా మావగారు ఎక్కడైనా కలిస్తే ఇల్లు దివ్యంగా ఉందనే చెప్పండి. చీరల ఊసు మాత్రం ఎత్తకండి.